శనిగ్రహం నుంచి కెప్టెన్ మార్తాండను దించుట గురించి

కెప్టెన్ మార్తాండ శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడటం మొదలుపెట్టి ముప్పై ఏడేళ్లు దాటింది. ఏలినాటి శని అయినా ఏడున్నరేళ్లకు మనిషిని వదిలిపెడుతుంది. మార్తాండను మాత్రం వదల్లేదు. కింద సలసల కాగే ఆమ్ల సరస్సు. పైన శనిమండల మహారాణి శనైశ్చరి, చేతిలో బారెడు కత్తెర పట్టుకుని, అతని నడుముకు కట్టిన తాడు వైపు వంగి వికటంగా నవ్వుతోంది. కత్తెర తాడు మీద పడింది. ఒక పేట తెగింది. గంట ఖంగుమని మోగింది. "సశేషం" అంది మరమనిషి గొంతు.

మరుసటి ఆదివారం సాయంత్రం ఊళ్లో టీవీలున్న నాలుగైదు ఇళ్ల ముందూ జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు. తెర మీద ఒక పెద్దమనిషి వచ్చి వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు గురించి చెప్పి వెళ్లాడు. ఆ పై వారమూ ఆయనే వచ్చాడు. మార్తాండ ఏమయ్యాడో చెప్పిన నాథుడు లేడు. సీరియల్ డైరెక్టరుకు బదిలీ అయిందని కొందరన్నారు, వెండిరంగు అయిపోయిందని కొందరన్నారు. విచారిస్తే రెండూ నిజమే.

మార్తాండ వేషం వేసినవాడు చెరుకుమిల్లి భావనారాయణ. ఉండేది బాపట్లలో. అప్పట్లో తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు, సెలవు పెట్టి వెళ్లి గ్రహాల మీద యుద్ధాలు చేసి వచ్చేవాడు. ఇప్పుడు రిటైరై మనవల్ని ఎత్తుకునే వయసు, మోకాళ్లు పట్టుకుని లేచే వయసు. అయినా ఊరు ఆయన్ని కిందికి దిగనివ్వలేదు. పొద్దున్నే పాలకు బయల్దేరితే సైకిల్ షాపు ఖాసిం పంపు కొట్టడం ఆపి మరీ అడుగుతాడు.

"ఏం కెప్టెన్ గారూ, ఇంకా యాలాడతానే ఉన్నారా?"

భావనారాయణ నవ్వినట్టు ముఖం పెట్టి ముందుకు సాగుతాడు. పెళ్లిళ్లకు వెళితే అదే ప్రశ్న, పరామర్శకు వెళితే అదే ప్రశ్న. కట్టుకున్న భార్య రాజ్యం కూడా, పిలిచినప్పుడు పలక్కపోతే, ఆ శనిగ్రహం దిగి కాస్త కరివేపాకు పట్రండి అంటుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పదిమంది చూస్తుండగా మర్యాదగా ఆ వలయం మీంచి దిగి నేల మీద కాలు పెట్టాలని ఆయన కోరిక. ఇల్లు కట్టాడు, పిల్లల పెళ్లిళ్లు చేశాడు, కాశీ వెళ్లొచ్చాడు. దిగడం ఒక్కటే మిగిలిపోయింది.

ఆ సీరియల్ చూడని దురదృష్టవంతుల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. దాని పేరు 'శనిమండలంలో మార్తాండ'. అంతరిక్ష నౌకలో మీటలన్నీ ఇడ్లీ రేకులు, వేగం పెంచడానికి ఒక పాత హార్మోనియం. నౌక కుదుపులకు లోనైతే అందరూ ఎడమకు ఒరగాలి. ఒక నటుడు మాత్రం ప్రతిసారీ కుడికి ఒరిగేవాడు, అతన్ని తర్వాత్తర్వాత శత్రువుల గూఢచారిగా తేల్చేశారు. కెప్టెన్ చేతిలో కిరణాల తుపాకీ అంటే దోమల మందు కొట్టే పంపు. ఆకాశమంటే బొక్కలు పొడిచిన నల్ల కంబళి, వెనక ఒక బల్బు. శనిగ్రహం నేలను సూర్యలంక ఇసకలో తీస్తుంటే రెండు గేదెలు తాపీగా అడ్డం వచ్చాయి. రీలు పారేయడానికి మనసొప్పక డైరెక్టరు ఆ పై భాగంలో వాటిని 'శనిధేనువులు' అని మహారాణి చేత అనిపించాడు. పిల్లలు ఆ సంవత్సరమంతా గేదెలకు దణ్ణం పెట్టారు.

మహారాణి శనైశ్చరి తెనాలి మంగతాయారు. పౌరాణిక నాటకాల్లో సత్యభామ వేసిన మనిషి. ఆ జడతోనే, ఆ నడకతోనే శనిగ్రహాన్ని ఏలింది. భూలోకాన్ని భస్మం చేస్తానని మామూలు మాటలో చెప్పడం ఆవిడకు చేతకాదు, మోహనలో రాగం తీసి పద్యం చదివేది. రాగం పూర్తయ్యేదాకా కెప్టెన్ తుపాకీ ఎక్కుపెట్టి ఓపిగ్గా నిలబడేవాడు. ఆవిడ పక్కన నిలబడే మరమనిషి యంత్రబ్రహ్మ. నువ్వుల నూనె డబ్బాలు అతికించి చేసిన ఆ కవచంలో ఉన్నది ఆవిడ భర్త రంగనాయకులు. డబ్బాలు సరిగా కడక్కపోవడం వల్ల చీమలు పట్టి ఆయన లోపల మెలికలు తిరిగేవాడు. మరమనుషులు అలాగే నడుస్తారని జిల్లా అంతా నమ్మింది. ప్రతి భాగం చివరా ముక్కు పట్టుకుని, రేకు మోగినట్టు "సశేషం" అనేది ఆయనే.

ఆ మాటే కొంప ముంచింది.

ఈ మధ్య ప్రభుత్వానికి ఒక ఉత్సాహం వచ్చింది. రాష్ట్రంలో ఎక్కడా ఒక్క పెండింగు ఫైలు ఉండరాదని పక్షం రోజుల పండగ ప్రకటించారు. అయితే పండగ పేరులో ఇంగ్లీషు ముక్క ఉంటే పరువు తక్కువని, పెండింగుకు మంచి తెలుగు మాట కనిపెట్టమని ఒక సంఘాన్ని వేశారు. సంఘం నాలుగు ఊళ్లలో కూర్చుని, నాలుగు రకాల భోజనాలు చేసి, 'సశేషం' అని తేల్చింది. దాంతో అవి సశేషరహిత పక్షోత్సవాలయ్యాయి. సశేషంగా ఉన్నవన్నీ వెతికి పట్టమని కంప్యూటరుకు ఉత్తర్వు ఇచ్చారు. అది రాష్ట్రంలోని ప్రతి ఆఫీసునూ గాలించింది. ఎమ్మార్వో ఆఫీసుల్లో ఎక్కడా సశేషం దొరకలేదు, పింఛన్ల సెక్షన్లలో దొరకలేదు, నీటిపారుదలలో దొరకలేదు. ఎందుకు దొరుకుతుంది, అక్కడ గుమస్తాలందరూ తరతరాలుగా పెండింగ్ అనే రాసుకున్నారాయె. రాష్ట్రం మొత్తం మీద సశేషంగా తేలింది ఒకే ఒక్కటి. రాష్ట్ర దృశ్యశ్రవణ కేంద్రం బీరువాలో ఉన్న టేపు: 'శనిమండలంలో మార్తాండ, ఇరవై నాలుగో భాగం, సశేషం.'

ప్రభుత్వం ఆనందానికి అంతులేదు. ఇంత పెద్ద రాష్ట్రంలో ఒకే ఒక్క సశేషం. దాన్నొక్కదాన్ని పరిష్కరిస్తే దేశంలోనే మనం మొదటివాళ్లం. మొత్తం యంత్రాంగాన్ని దాని మీదకు ఉసిగొల్పారు.

అలా ఒకనాటి ఉదయం భావనారాయణ ఇంటి ముందు జీపు ఆగింది. దిగినవాడు దండిభొట్ల విశ్వపతి, దృశ్యశ్రవణ కేంద్రానికి సంయుక్త సంచాలకుడు. ఆయన నోట కర్తరి వాక్యం వచ్చి ఎన్నాళ్లయిందో. ఆయన ఏదీ చేయడు, అన్నీ చేయబడతాయి.

"తాము మా వద్ద సశేషంగా ఉన్నట్లు గుర్తించబడినది" అన్నాడు గుమ్మంలోనే.

భావనారాయణకు బోధపడలేదు. కుర్చీ చూపించి, మజ్జిగ తాగుతారా అని అడిగాడు. మజ్జిగ స్వీకరించబడింది. తర్వాత విశ్వపతి విషయమంతా వివరించి, పక్షం ముగిసేలోగా కెప్టెన్ మార్తాండ ఏ స్థితిలో ఉన్నాడో తేల్చి, అతన్ని విముక్తుణ్ణి చేసి, కేసు మూసివేయవలసి ఉన్నదని చెప్పాడు. భావనారాయణ ఆయన దగ్గరికి జరిగాడు. అంటే మిగతా భాగం తీస్తారా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు.

"విముక్తి భాగము చిత్రీకరించబడి, ప్రత్యక్ష ప్రసారము గావించబడును. మంత్రివర్యులచే స్వయముగా 'శుభం' అను పలక మీట నొక్కి ప్రదర్శించబడును."

జీపు వెళ్లిపోయాక భావనారాయణ వంటింట్లోకి వెళ్లి, రాజ్యం, నన్ను దించుతున్నారే, అన్నాడు. ఆవిడ గరిటె పట్టుకునే ఆయన ముఖంలోకి చూసి, ఏమీ ఎకసెక్కెం ఆడకుండా, కాస్త బెల్లం ముక్క ఆయన నోట్లో పెట్టింది.

కానీ సర్కారు వారు మనిషిని దించడమంటే మాటలా? మార్తాండను దించాల్సిన బాధ్యత ఏ శాఖదో తేలాలి. సచివాలయంలో సమావేశం పెట్టి, బాధితుడి హోదాలో భావనారాయణను కూడా పిలిచారు. పొడవాటి బల్ల చుట్టూ శాఖకొకరు చొప్పున కూర్చున్నారు. ముందు రెవెన్యూ వారు లేచి, శనిగ్రహం ఏ మండలంలోకి వస్తుందో, సరిహద్దు రాళ్లు పాతారో లేదో తెలియజేయమన్నారు. శనిమండలమని పేరులోనే ఉందిగదా అని ఎవరో అంటే, కొత్త మండలాల జాబితాలో లేదని జవాబిచ్చారు. విపత్తుల శాఖ వారు తమ దగ్గర తుపాను, వరద, పిడుగు, వడగాలి ఉన్నాయిగానీ వేలాడటం లేదన్నారు. ఆమ్ల సరస్సు గట్టు తెగితే మాత్రం వరద కింద చూస్తామని హామీ ఇచ్చారు. అగ్నిమాపక శాఖ తమ నిచ్చెన ఇవ్వడానికి ఒప్పుకుంది, శనిగ్రహం ఎన్నో అంతస్తో రాతపూర్వకంగా ఇస్తే.

అప్పుడు సర్వీసు విషయాలు చూసే ఆయన ఒక చిక్కు లేవదీశాడు. ముప్పై ఏడేళ్ల కిందట వేలాడటం మొదలుపెట్టిన యువకుడు ఇప్పుడు నెరిసిన మీసంతో దిగితే ఎలా కుదురుతుందని. ఆ చిక్కును ఆయనే విప్పాడు. వేలాడటమంటే సస్పెన్షన్. సస్పెన్షన్‌లో ఉన్న మనిషికి ఇంక్రిమెంటు రాదు, ప్రమోషన్ రాదు, కాబట్టి వయసు కూడా రానట్టే. భావనారాయణను ముప్పై నాలుగేళ్లవాడిగా పరిగణించాలని తీర్మానించారు. ఆయన మోకాళ్లు తప్ప అందరూ ఆ తీర్మానానికి ఒప్పుకున్నారు. చివర్లో తూనికలు కొలతల శాఖ నుంచి వచ్చిన కుర్రాఫీసరు లేచి, ఆ వలయం మీద ఈ ఏటి ముద్ర ఉందా అని అడిగాడు. తన శాఖ ఇంకా నిద్రపోవడం లేదని భావనారాయణకు లోలోపల కొంచెం గర్వం కలిగింది.

అసలు ముడి దేవాదాయ శాఖ దగ్గర పడింది. వారి ప్రతినిధి అంతసేపూ కళ్లు మూసుకుని కూర్చుని, ఇప్పుడు తెరిచాడు. శనీశ్వరుడు నవగ్రహాల్లో ఒకడు, ప్రతి పెద్ద గుడిలోనూ ఆయనకు స్థానం ఉంది, కాబట్టి శనిగ్రహమూ దాని వలయాలూ ఇతర హంగులూ దేవుడి మాన్యాలే, తమ అనుమతి లేకుండా అక్కడ వేలాడటమే ఆక్రమణ అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా లెంపలు వేసుకున్నారు. ఆక్రమణను క్రమబద్ధం చేయడానికి షరతులు పెట్టారు. చిత్రీకరణకు ముందు సెట్టుకు తైలాభిషేకం చేయాలి. మహారాణి శనైశ్చరి ఆ దేవుడి తాలూకు మనిషి కనుక దుర్మార్గురాలిగా ఉండటానికి వీల్లేదు. పశ్చాత్తాపపడి, కత్తెర పారేసి, తానే నిచ్చెన వేయించి, వీరుణ్ణి సగౌరవంగా దించాలి. కథ రాయడానికి ఇంకెవరూ అక్కర్లేకపోయింది.

మర్నాడే భావనారాయణ తెనాలి బండెక్కాడు. మంగతాయారు ఇంట్లో పిల్లలు వరసగా కూర్చుని పద్యాలు చదువుతున్నారు. ఆవిడ పిల్లల్ని పంపించేసి, పెరట్లో కుర్చీ వేసి, విశేషాలన్నీ విన్నది. తాను పశ్చాత్తాపపడాలన్న సంగతి దగ్గర మాత్రం మూతి విరిచింది. రాజ్యాలేలిన మనిషికి ఉత్తర్వు వస్తే పశ్చాత్తాపం ఎట్లా వస్తుందని.

"అది సరే గానండీ కెప్టెన్ గారూ," అంది, "ఆ రోజు పాత భాగం ఏస్తారంటనా?"

వేస్తారు, కథ గుర్తుండాలిగదా, చివరి సన్నివేశం ముందు వేసి అక్కణ్ణుంచి ఎత్తుకుంటారని ఆయన చెప్పాడు. మంగతాయారు పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. రంగనాయకులు పోయి చాలా ఏళ్లయింది. నూరు నాటకాలకు హార్మోనియం వాయించాడు, వేషాలు వేశాడు. కేంద్రం వారు రికార్డు చేసినవాటిలో ఒక్కటీ మిగల్లేదు. పూర్తయిన కార్యక్రమాల టేపులు తుడిచి కొత్తవి రికార్డు చేసుకోవాలని కేంద్రం వారి రూలు, ఆ ప్రకారం అన్నిటి మీదా తెగుళ్ల నివారణ పడింది. రంగనాయకులు గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఆ యంత్రబ్రహ్మ డబ్బాలో ఒక్కటే. ఒకసారి వినిపించమని అడగడానికి ఆవిడ కేంద్రానికి వెళ్లింది కూడా. పూర్తికాని వ్యవహారం బయటివాళ్లకు చూపరాదని వెనక్కి పంపారు.

"మడిసి మాటే మర్చిపోతన్నానండీ," అంది. "ముక్కు పట్టుకుని అనేవోడు చూడండీ, అది ఇంటే చాలు నాకు."

 వినబోతున్నారుగా అన్నాడు భావనారాయణ. ఆ వారమంతా ఇద్దరూ సంభాషణలు వల్లె వేసుకున్నారు. ఆవిడ పశ్చాత్తాపం ఎంత చదివినా యుద్ధ ప్రకటనలాగే వినిపించింది. ఆయన మాత్రం వంటింట్లో ముక్కాలి పీట మీంచి హుందాగా దిగడం అభ్యాసం చేసుకున్నాడు.

పక్షోత్సవాల ఆఖరి రోజు వచ్చింది. స్టూడియోలో శనిగ్రహం తయారైంది. వెనకటి వలయం ఒక ఎడ్లబండి చక్రానికి వేసే ఇనప కమ్మి, దానికి చాక్లెట్ల కాగితం అంటించారు. ఇప్పటిది టెండరు పిలిచి చేయించిన స్టీలు గొట్టం, అద్దంలా మెరుస్తోంది. ఆమ్ల సరస్సులో రంగు దీపాలు పెట్టారు. తైలాభిషేకం ధర్మమా అని నేలంతా జారుతోంది. అగ్నిమాపక శాఖ నిచ్చెనకు బంతిపూల దండలు చుట్టారు. భావనారాయణ నెత్తికి పాత శిరస్త్రాణమే కావాలని పట్టుబట్టి ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. అది రాజ్యం పుట్టింటివారు పెట్టిన స్టీలు గిన్నె. నడుముకు వెనకటిలాగే చేంతాడు, చొక్కా లోపల ఎవరికీ కనపడకుండా గట్టి పటకా, కొక్కెం.

వేషం వేసుకునే గదిలోకి విశ్వపతి చిరునవ్వుతో వచ్చాడు. మరొక గంటలో రాష్ట్రం సశేషరహితం కాబోతున్నదని, ఇరువురికీ శాలువాలు కప్పబడునని చెప్పాడు. ఆ సంతోషంలో ఇంకో శుభవార్త కూడా చెప్పాడు. 'శుభం' పడిన మరుక్షణం సీరియల్ పూర్తయినట్టు గనుక, నిబంధన ప్రకారం ఇరవై నాలుగు టేపులూ ధ్వంసం చేయబడి, ఖాళీ బీరువాతో మంత్రిగారి ఫొటో తీయబడుతుంది. ఇన్నాళ్లూ సశేషమని ఉండబట్టి తుడవడానికి వీల్లేకపోయిందట, లేకుంటే ఎప్పుడో తుడిచిపారేసేవారట.

 భావనారాయణ ముందుగా తేరుకున్నాడు. పోనీ ఒక నకలు తీసి ఇవ్వండి, ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాడు.

"సశేషముగా నున్నదానికి నకలు తీయుట నిషేధించబడినది," అన్నాడు విశ్వపతి.

"పూర్తయ్యాక?"

"పూర్తయిన పిదప టేపు ధ్వంసము చేయబడును గదా. లేనిదానికి నకలు ఎట్లు తీయబడును?"

ఆయన ముఖంలో దుర్మార్గం ఏ కోశానా లేదు. ఇంత చక్కగా అమరిన రూలును ఎదుటివాడు మెచ్చుకోకపోవడం ఆయనకు ఆశ్చర్యంగా ఉంది. మంత్రిగారి కారు వచ్చిందని ఎవరో పిలిస్తే పరుగెత్తాడు.

భావనారాయణ మంగతాయారు వైపు చూడలేకపోయాడు. ఆవిడ అద్దంలో కిరీటం సరిచేసుకుంటూ కూర్చుంది. కాటుక కరిగి చెంప మీదికి జారుతుంటే వేలితో అద్దుకుంది.

"దిగండి కెప్టెన్ గారూ," అంది. "ఎన్నాళ్లని యాలాడతారు? నా కోసం ఆగమాకండి. ఈ పూట ఒకపాలి ఇంటానుగా, సాలు."

ఆయన గిన్నె నెత్తిన పెట్టుకుని లేచాడు. జీవితంలో మొదటిసారి దిగాలన్న కోరిక తీరబోతుంటే, కాళ్లు ఎక్కడానికే బరువెక్కాయి.

ప్రసారం మొదలైంది. వేదిక ముందు మంత్రిగారు, ఆయన చేతి దగ్గర ఎర్రటి మీట, చుట్టూ సమస్త శాఖలూ. ముందు పాత భాగం వేశారు. తెర మీద కంబళి ఆకాశం మెరిసింది. ఇడ్లీ రేకులు, దోమల పంపు, మూలగా కనీకనపడకుండా ఒక శనిధేనువు తోక. మొదట వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నవ్వు అందరికీ పాకింది. అది వెక్కిరింత కాదు, పోయిందనుకున్న వస్తువు అటక మీద కనపడితే మనిషి నవ్వే నవ్వు. నల్లటి జుట్టుతో మంగతాయారు రాగం తీసింది. బక్కపలచని భావనారాయణ వేలాడాడు. కత్తెర పడింది, పేట తెగింది, గంట మోగింది. నూనె డబ్బాలోంచి రంగనాయకులు ముక్కుతో, రేకు మోగినట్టు, "సశేషం" అన్నాడు.

చీకట్లో సిద్ధంగా నిలబడి ఉన్న మంగతాయారు కళ్లు మూసుకుంది. పెదవులు ఆ మాటకు తగ్గట్టే కదిలాయి. వలయం మీదికి ఎక్కించి కొక్కెం తగిలించిన భావనారాయణకు పైనుంచి అదంతా కనిపించింది.

దీపాలు వెలిగాయి. మహారాణి ముందుకు వచ్చింది. ఆవిడ ఉత్తర్వు ప్రకారం కత్తెర పారేసి పశ్చాత్తాపం చెప్పింది. వీరా, నీ సహనం నా కళ్లు తెరిపించింది, ఇదిగో నిచ్చెన, నేలకు దిగి రమ్మంది. గొంతులో జీవం లేదు. ఆ లోపాన్ని ఎవరూ గమనించలేదు, దేవాదాయ శాఖ వారు తృప్తిగా తల ఊపారు. బంతిపూల నిచ్చెన వచ్చి భావనారాయణ కాళ్ల కింద ఆగింది. మంత్రిగారు చూపుడువేలు మీట మీద పెట్టారు.

భావనారాయణ కుడికాలు నిచ్చెన మొదటి మెట్టు మీద ఆనింది. ఎంత హాయిగా ఉందో. ముప్పై ఏడేళ్ల బరువు ఆ పాదంలోంచి జారిపోతున్నట్టుంది. ఇంకో నాలుగు మెట్లు దిగితే నేల. రేపు ఖాసిం అడగడానికి ఏమీ ఉండదు. ఆయన కిందికి చూశాడు. మంగతాయారు ఆయన వైపు చూడటం లేదు. పాత భాగం వేసిన తెర ఉన్న దిక్కుకు, నల్లగా ఆరిపోయిన తెర వైపుకు చూస్తోంది.

ఆయన కాలితో నిచ్చెనను ఒక్క తన్ను తన్నాడు. నూనె నేల మీద అది పూలతో సహా సర్రున జారి, విపత్తుల శాఖ వారి ఒళ్లో పడింది.

"మహారాణీ," అన్నాడు కెప్టెన్ మార్తాండ, పాత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో, స్టూడియో కప్పు అదిరేలా. "శత్రువు వేసిన నిచ్చెన మీద భూలోకవాసి ఎవడూ దిగడు. నీ కత్తెరకు పదును ఉంటే చూపించు."

మంగతాయారు ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. మరుక్షణం శనైశ్చరి అయిపోయింది. పశ్చాత్తాపాన్ని జడతో పాటు వెనక్కి విసిరేసి, నేల మీద పారేసిన కత్తెర మళ్లీ అందుకుంది. మోహన రాగం ఎత్తుకుంది. ఆ వయసులో ఆ ఊపిరి ఎలా వచ్చిందో గానీ, రాగం సాగుతున్నంతసేపూ సమస్త శాఖలూ కదల్లేదు. దేవాదాయ ప్రతినిధి అభ్యంతరం చెప్పడానికి సగం లేచి, రాగం పూర్తికాకుండా మాట్లాడటం మర్యాద కాదని మళ్లీ కూర్చున్నాడు. రాగం అయ్యాక ఆవిడ వికటంగా, కమ్మగా నవ్వి, బారెడు కత్తెర పైకి చాచి తాడు మీద వేసింది. చేంతాడులో ఇంకో పేట తెగింది.

గంట కొట్టేవాడు లేడు. భావనారాయణ నెత్తిమీది స్టీలు గిన్నె తీసి వలయానికేసి ఒక్కటి బాదాడు. ఖంగుమంది. మంగతాయారు కెమెరా వైపు తిరిగింది, రెండు వేళ్లతో ముక్కు పట్టుకుంది, అచ్చం రేకు మోగినట్టు అంది.

"సశేషం."

స్టూడియో అంతా చప్పట్లు. విశ్వపతి చెమటలు కక్కుతూ, మీట నొక్కబడవలెనని మంత్రిగారికి సైగ చేశాడు. మంత్రిగారి వేలు మీట మీదే ఉంది. నొక్కడం మర్చిపోయి కుర్చీ అంచుకు వచ్చి కూర్చుని ఉన్నారాయన.

"తర్వాత ఏమవుద్దయ్యా?" అని అడిగారు.

విశ్వపతి నోరు తెరిచాడు. తెలియజేయబడును అనబోయి ఆగిపోయాడు.

"నాకు తెలీదండీ," అన్నాడు. ఆయన నోట కర్తరి వాక్యం వినడం తన సర్వీసులో అదే మొదలని పక్కనున్న గుమస్తా తర్వాత చెప్పాడు.

ఆ పై వారం సమీక్షా సమావేశం పెట్టి, జరిగినదానికి ఎవరిని సస్పెండు చేయాలా అని ఆలోచించారు. సస్పెన్షన్‌లో ఉన్నది భావనారాయణ ఒక్కడే, అతన్ని మళ్లీ సస్పెండు చేయడానికి రూలు లేదు. ఇంతలో ఒక బుద్ధిమంతుడు ఇంకో సంగతి బయటపెట్టాడు. ఉన్న ఒక్క సశేషం కాస్తా పూర్తయితే వచ్చే ఏడు సశేషరహిత పక్షోత్సవాలు దేని మీద జరుపుతాం, అందుకోసం పెట్టిన విభాగం ఏం కావాలి, ఆ విభాగంలో ఉద్యోగాలు ఏం కావాలి అని. అందరూ కలాలు తీశారు. మార్తాండ టేపులు ప్రభుత్వపు అమూల్యమైన సశేష సంపద అనీ, వాటిని ఎవరూ తుడవరాదనీ, ప్రతి ఏడూ పక్షోత్సవాల చివరి రోజున అతన్ని దించడానికి చిత్తశుద్ధితో ప్రయత్నం చేయాలనీ ఉత్తర్వు వచ్చింది. ప్రయత్నానికి ముందు వెనకటి భాగం విధిగా వేయాలని అందులోనే రాశారు. మంగతాయారు ఆ కాగితం చదివించుకుని విని, ఏడాదికి ఒకపాలి మాట్టాడతాడన్నమాట, అంది.

ఇక ఆ సాయంత్రం స్టూడియోలో భావనారాయణను ఎలా దించారంటే, నిచ్చెన ప్రసారం కోసమే ఇచ్చామని అగ్నిమాపక శాఖ వారు వెంటనే పట్టుకుపోయారు. సమస్త శాఖలూ టీ తాగడానికి వెళ్లాయి. చివరికి మంగతాయారు, ఆయన వెంట వచ్చిన రాజ్యం కలిసి ఒక బల్ల మీద ఇంకో బల్ల వేసి, కొక్కెం విప్పి, చెరో రెక్కా పట్టుకుని దించారు. మోకాళ్లకు కాపడం పెడుతూ రాజ్యం ఒక్క మాటే అంది, గిన్నె సొట్టపోయిందని.

మర్నాడు పొద్దున్న పాలకు బయల్దేరితే ఖాసిం పంపు కొట్టడం ఆపాడు. రాత్రి టీవీలో అంతా చూసినట్టున్నాడు, కళ్లలో ఎప్పటి కొంటెతనం లేదు. అయినా అలవాటు కొద్దీ అడిగాడు.

"ఏం కెప్టెన్ గారూ, ఇంకా యాలాడతానే ఉన్నారా?"

భావనారాయణ ఆగాడు. పాలగిన్నెను చంకలోకి మార్చుకుని, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. అరచేతులు స్టీలు గొట్టం ఒరుసుకుని ఎర్రగా కమిలి ఉన్నాయి.

"ఉన్నానయ్యా ఖాసిం," అన్నాడు. "ఈసారి నేనే పట్టుకున్నాను."